పార్కు మూలలో ల్యాండ్‌స్కేప్ క్లాసు: ప్రాజెక్టు డైరీ

మా కాలనీ హైదరాబాద్ తూర్పు అంచున ఉంది. ఇంటి ముందు నాలుగడుగుల ఖాళీలోనో, మిద్దె మీదో మొక్కలు పెంచుకునే 22 మందికి ల్యాండ్‌స్కేప్ డిజైన్ నేర్పడానికి పెట్టుకున్న క్లాసుల లెక్క ఇది. ఇంకో కాలనీవాళ్లు ఇలాంటిది మొదలుపెడితే ఏ కొలత రెండోసారి తీయాల్సి వస్తుందో, డబ్బు ఎక్కడ పోతుందో ముందే తెలియాలని రాస్తున్నా. ఆలోచన ఎవరికి వచ్చింది, మొదటి మీటింగులో ఎవరెవరు చప్పట్లు కొట్టారు అన్నవి వదిలేశా.

అమెరికాలో నేషనల్ గార్డెన్ క్లబ్స్ అనే సమాఖ్య తోటల క్లబ్బుల సభ్యుల కోసం ల్యాండ్‌స్కేప్ డిజైన్ మీద నాలుగు కోర్సుల వరుస నడుపుతుంది. అందులోంచి మేం తీసుకున్నది ఒక్కటే: డిగ్రీ లేని తోటమాలి కూడా ప్లాను చదవగలగాలి. పాఠాల వరుస మాత్రం మాదే. సూత్రాలు, శైలులు, ఉద్యానవనాల చరిత్ర చివరికి నెట్టి, మొదటి రోజే అందరి చేతికీ టేపు ఇచ్చాం. నా ఉద్యోగమంతా డ్రాయింగు బోర్డు ముందే గడిచింది కాబట్టి ఈ పక్షపాతం నాదే అనుకోవచ్చు.

అభ్యాసానికి దొరికిన చోటు కాలనీ పార్కులో ఒక మూల. ఉత్తర దక్షిణాలు 60 అడుగులు, తూర్పు పడమరలు 40. దక్షిణం వైపు కమ్యూనిటీ హాలు: కప్పు 20×30 అడుగులు, ఎత్తు 12. పడమట అయిదడుగుల ప్రహరీ. ఈశాన్యంలో పెద్ద కానుగ చెట్టు.

దశ 1: కొలతలు (డిసెంబరు)

మొదట అడుగులేసి కొలిపించాం, కోర్సుల్లో అదొక ఆనవాయితీ కాబట్టి. అదే 60 అడుగుల గోడ ఒకరికి 52, ఇంకొకరికి 67 వచ్చింది. చీర కట్టుకున్నవాళ్ల అడుగు ఒకటి, ప్యాంటు వేసుకున్నవాళ్లది ఒకటి. దాన్ని అక్కడితో ఆపేసి 30 మీటర్ల ఫైబర్ టేపు కొన్నాం.

టేపుతో నాలుగు పక్కలూ సరిగ్గానే వచ్చాయి: 60, 40, 60, 40. చాలామంది వెంటనే దీర్ఘచతురస్రం గీసేశారు. కర్ణాలు కొలవమన్నాక అసలు సంగతి బయటపడింది. నిజంగా మూలమట్టానికి ఉంటే రెండు కర్ణాలూ 72 అడుగుల ఒక అంగుళం దగ్గర ఉండాలి. మాకు ఒకటి 70 అడుగుల 10 అంగుళాలు, రెండోది 73 అడుగుల 4 అంగుళాలు వచ్చాయి. అంటే స్థలం మొత్తంగా ఒక పక్కకు ఒరిగి ఉంది. అరవై అడుగుల గోడకు లంబం తీస్తే నలభై అడుగుల అవతల మూల అడుగున్నర పక్కకు పడుతుంది. విస్తీర్ణంలో తేడా రెండు చదరపు అడుగులే. కానీ బాట గీసేటప్పుడు ఆ అడుగున్నర ఎక్కడో ఒకచోట వంకరగా తేలుతుంది.

మీరు కొలిచేటప్పుడు ఈ వరుస పాటించండి:

1. నాలుగు పక్కలు, రెండు కర్ణాలు. కర్ణాలు కొలవకుండా కాగితం ముట్టుకోవద్దు.
2. చెట్టు, మ్యాన్‌హోలు, కరెంటు స్తంభం లాంటి ప్రతి వస్తువుకీ రెండు స్థిరమైన మూలల నుంచి దూరం తీయాలి. కాగితం మీద రెండు చాపాలు ఎక్కడ కోసుకుంటే అదే దాని చోటు.
3. టేపు పట్టుకునేవాళ్లు, చదివేవాళ్లు, రాసుకునేవాళ్లు వేరువేరు. రాసుకునేవాళ్లు అంకెను గట్టిగా తిరిగి చెప్పాలి.

ఉత్తర దిక్కు దగ్గర ఫోన్లు మొండికేశాయి. ఇనప గేటు పక్కన నిలబడితే ఒక్కో ఫోను ఒక్కో దిక్కు చూపించింది. పాత శంకువు పద్ధతే మేలు: నిటారుగా ఒక కర్ర పాతి, దాని చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక మేకు, సాయంత్రం తాకిన చోట ఇంకో మేకు. రెండిటినీ కలిపిన గీత తూర్పు పడమరలు. ఖర్చు సున్నా.

ఇక వాలు. దీని దగ్గరే ఎక్కువ సమయం పోయింది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చాం, పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, 25 మీటర్లది. దక్షిణం నుంచి ఉత్తరానికి ఎంత పల్లం అని చూస్తే ఒక జట్టుకు 9 అంగుళాలు, రెండో జట్టుకు 11. చదివిన ప్రతిసారీ కొత్త అంకె. పక్కింటి పని చూసుకుంటున్న మేస్త్రి కాసేపు చూసి ఊరుకోలేక వచ్చాడు. “సారూ, పైపుల గాలి ఉన్నది. గట్ల జూస్తే రేపటిదాంక మట్టం దొరకది,” అని గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూపించాడు. నడుమ రెండుచోట్ల శనగగింజంత గాలి బుడగలు. ఆయన చెప్పినట్టు చేశాక మూడు జట్లకూ ఒకే అంకె వచ్చింది: 14 అంగుళాలు. అంటే దాదాపు 2 శాతం వాలు, 51 అడుగులకు ఒక అడుగు.

ఆయన పద్ధతి ఇదీ:

1. గొట్టాన్ని నేల మీద మెలికలు లేకుండా పరవాలి.
2. బకెట్టును ఎత్తులో పెట్టి, ఒక కొస నీళ్లలో ముంచి, రెండో కొస నోటితో లాగి నీళ్లు దిగనివ్వాలి. చెంబుతో పోస్తే గాలి చేరుతుంది. నీళ్లలో కాస్త బట్టల నీలం కలిపితే మట్టం బాగా కనిపిస్తుంది.
3. రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే గాలి ఉన్నట్టే. మళ్లీ నింపాలి.
4. నడిచేటప్పుడు రెండు కొసలూ బొటనవేళ్లతో మూయాలి, చదివేముందు రెండూ వదలాలి. ఒకటి మూసి ఒకటి వదిలితే చదివిన అంకె చెత్త.

ఈ దశ ఖర్చు: టేపు 450, లెవెల్ పైపు 320, పురికొస, మేకులు 130, ముగ్గుపిండి 100.
ఇప్పటిదాకా: రూ. 1,000

దశ 2: నీడ (డిసెంబరు, జనవరి)

డిసెంబరు 21న హాలు నీడ కొలిచాం. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చేది గడియారం 12:15 ప్రాంతంలో, సరిగ్గా 12కి కాదు. అప్పుడు సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలు. 12 అడుగుల హాలు నీడ ఉత్తరానికి 10 అడుగుల 4 అంగుళాలు పడింది. ఆ గీత వెంబడి ముగ్గుపిండి పోశాం.

ఆ పదడుగుల పట్టీని చూసి క్లాసు అంతా ఒకే మాట: ఇక్కడ ఫెర్నులు, మనీప్లాంటు, కలాథియా, నీడ మొక్కల తోట. ప్లాన్లన్నీ అలాగే వచ్చాయి. లెక్క ఒప్పుకోదు. మన అక్షాంశం 17.4 డిగ్రీలు. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం నిటారు కర్రకు నీడే ఉండదు. అక్కణ్నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. జూన్ 21న అదే హాలు నీడ దక్షిణానికి అడుగుంపావు పడుతుంది, ఉత్తరం వైపు అసలు పడదు. చలికాలమంతా నీడలో ఉన్న పట్టీ సరిగ్గా ఎండలు మండే వేళకు నడిబజారులో నిలబడ్డట్టు అవుతుంది.

బోర్డు మీద బొమ్మ గీస్తే తలలూపారు గానీ నమ్మినట్టు కనిపించలేదు. అందుకని కుండీల్లో ఉన్న ఫెర్నులు నాలుగు ఆ పట్టీలో పెట్టి, రోజూ నీళ్లు పోసే బాధ్యత ఒక టీచరమ్మకు అప్పగించాం. మార్చి నెలాఖరు దాకా కళకళలాడాయి. మే మధ్యకు మూడిటి ఆకులు అప్పడాల్లా పెళుసెక్కాయి. నీళ్లకు లోటు లేదు, మట్టి తడిగానే ఉంది.

ఆ పట్టీకి చివరికి ఎంచుకున్నవి: నందివర్ధనం, స్పైడర్ లిల్లీ. ఎండా నీడా రెండూ ఓర్చుకునేవి. పుస్తకాల్లో ‘ఉత్తరం వైపు గోడ అంటే నీడ’ అని రాసుంటే అది చలిదేశాల మాట అని ప్లాను షీటు మీదే రాయించాం. ఇంగ్లండు పుస్తకం చూసి హైదరాబాద్‌లో తోట వేయడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

పడమటి ప్రహరీ సంగతి వేరు. సాయంత్రం ఎండను అది ఆపేది అయిదడుగుల ఎత్తు దాకానే, పైగా మధ్యాహ్నమంతా వేడెక్కి రాత్రి దాకా సెగ వదులుతుంది. గోడకు రెండడుగులు వదిలిగానీ ఏదీ నాటొద్దని నిర్ణయించాం.

ఖర్చు: లేదు.

దశ 3: కాగితం (జనవరి)

మొదట 1:100 స్కేలు తీసుకున్నాం. ఏ4 కాగితంలో స్థలమంతా పట్టింది గానీ రెండడుగుల మొక్క ఆరు మిల్లీమీటర్ల చుక్కయింది. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లే ఎక్కువమంది ఉన్న క్లాసులో అది కుదరదు. 1:50కి మార్చి ఏ3 తెచ్చాం. 60 అడుగులు 36.6 సెంటీమీటర్లు. కాగితంలో పట్టింది, కానీ ప్రతి అడుగునూ మీటర్లలోకి మార్చుకోవడంలో తప్పులు. ఇక్కడ అందరూ ఇంటి స్థలం గజాల్లో, గది అడుగుల్లో చెప్పుకునేవాళ్లే. చివరికి స్థిరపడింది: పావు అంగుళం అంటే ఒక అడుగు. ప్లాను 15×10 అంగుళాలు, ఏ3లో హాయిగా ఇమిడింది. మార్చాక అంకెల తప్పులు దాదాపు పోయాయి.

మూల ప్లాను ఒక్కటే పెన్నుతో గీయించాం. మిగతావన్నీ దాని మీద ట్రేసింగు పేపరు వేసి పెన్సిలుతో: ఒక పొర నీడకు, ఒకటి నీటి పారుదలకు, ఒకటి నడకకు. మొక్కల పొర చివర్న. ముందే మొక్కలు గీసినవాళ్ల షీట్లు వెనక్కి ఇచ్చేశాం, ఇద్దరు అలిగారు.

ఖర్చు: ఏ3 షీట్లు, ట్రేసింగు, పెన్సిళ్లు 640.
ఇప్పటిదాకా: రూ. 1,640

దశ 4: మట్టి, నీళ్లు ఇంకడం (ఫిబ్రవరి)

మట్టిలో ఇసుక, ఒండ్రు, బంక పాళ్లు చూపే సీసా పరీక్ష అందరికీ తెలిసిందే: మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు నురగ తక్కువ డిటర్జెంటు, బాగా కుదిపి పక్కన పెట్టడం. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు రెండు మూడు గంటల్లో, బంకమట్టికి ఒక రోజు, ఇంకా ఎక్కువ.

మా సీసాలన్నీ గంటలోనే తేటపడ్డాయి. బంక అసలు లేదన్నట్టు! అదే మట్టిని తడిపి చేత్తో నలిపితే తాడులా సాగుతోంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు. తేడా నీళ్లలో ఉంది. మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 900 దాటుతుంది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు బంక రేణువుల్ని గుంపులు కట్టిస్తాయి. గుంపు బరువెక్కి ఒండ్రుతో పాటే దిగిపోతుంది. ఆర్వో నీళ్లతో మళ్లీ చేస్తే మర్నాటికీ పైనీళ్లు ఎర్రగానే ఉన్నాయి. పూర్తిగా దిగాక 10 సెంటీమీటర్ల మట్టిలో ఇసుక 6, ఒండ్రు 1.5, బంక 2.5. ఇసుక పాలు ఎక్కువున్న బంక గరప నేల. గట్టి నీళ్లున్న ఊళ్లలో ఈ పరీక్షకు వాన నీళ్లో ఆర్వో నీళ్లో వాడండి.

ఇంకే పరీక్ష ఇలా:

1. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత. గోడలు గడ్డపారతో నునుపైపోతే మేకుతో గీరాలి.
2. ఒకసారి నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వాలి. ఈ మొదటి అంకె లెక్కలోకి రాదు. ఎండిన నేల ఎంతైనా తాగుతుంది.
3. మళ్లీ నింపి, నిలబెట్టిన స్కేలు మీద గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో రాయాలి.

మూడు గుంతల లెక్క: హాలు పక్కన అర అంగుళం, నడుమ 3 అంగుళాలు, ఉత్తరపు పల్లంలో 1 అంగుళం. హాలు పక్కన గడ్డపార వేస్తే ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు పెళ్లలు వచ్చాయి. హాలు కట్టినప్పుడు మాలు కలిపిన చోటు అది. నేల క్షారగుణం తెలిపే పీహెచ్ పట్టీ కూడా అక్కడ 8.5 చూపింది, మిగతా చోట్ల 7.5.

హాలు కప్పు నీళ్లను గొట్టం పక్కనే ఇంకుడు గుంతలోకి వదలాలన్నది అంతకుముందు ప్లాను. ఈ అంకెలు చూశాక దాన్ని 30 అడుగులు ఉత్తరానికి, నడుమకు జరిపాం; ఇకపై నీటి పల్లం అంటున్నది దీన్నే. పునాదికి దూరమవడం అదనపు లాభం.

ఖర్చు: పీహెచ్ పట్టీలు 250.
ఇప్పటిదాకా: రూ. 1,890

దశ 5: నేల మీద ముగ్గు (మార్చి)

కాగితం మీద ప్లాన్లన్నీ అందంగానే ఉన్నాయి. వాటిని ముగ్గుపిండితో నేల మీద పోయించడంతో సగం కూలిపోయాయి. నా దృష్టిలో క్లాసు మొత్తంలో పనికొచ్చిన పాఠం ఇదే.

బాటలు. దాదాపు అందరూ రెండడుగుల బాట గీశారు. ముగ్గు గీతల నడుమ ఇద్దరు పక్కపక్కన నడిచి చూస్తే ఒకరి కాలు ఎప్పుడూ మొక్కల్లోనే. ఇద్దరికి 4 అడుగులు కావాలి. ఒక సభ్యురాలి అత్తగారు చక్రాల కుర్చీలో వస్తారు. దానికి కనీసం 3 అడుగులు, తిరగడానికి 5 అడుగుల వృత్తం. ప్రధాన బాట 4, పక్క బాట 3 అని ఖాయం చేశాం.

పచ్చిక. నడుమ 24×30 అడుగుల లాను లేని ప్లాను అరుదు. దాన్ని అందచందాల మీద వాదించకుండా నీళ్ల మీద లెక్క వేయించాం. 720 చదరపు అడుగులంటే 67 చదరపు మీటర్లు. మే నెల ఎండకు చదరపు మీటరు పచ్చిక రోజుకు 5 నుంచి 6 లీటర్లు తాగుతుంది. రోజుకు దాదాపు 370 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు రెండు వారాలు కూడా రాదు. ఎండాకాలమంతా ట్యాంకర్ల కోసం ఫోన్లు చేసేవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. పిల్లలు కూర్చోడానికి 10×15 అడుగుల ముక్క మిగిలింది, అదీ మామూలు గరికతో. రోజుకు 77 లీటర్లు.

మొక్కల ఎడం. నర్సరీ కవరులో ఎంత ఉందో అంతే గుండ్రం గీస్తున్నారు. అందుకని పాత పేపర్లు కత్తిరించి, మొక్క పూర్తిగా ఎదిగాక ఎంత పరుచుకుంటుందో అంత గుండ్రాలు చేసి నేల మీద పరిపించాం. నందివర్ధనం 6 అడుగులు, మందారం 5, నూరువరహాలు 3, నిమ్మగడ్డి 3. రేలకు 20 అడుగుల పేపరు అతికించేసరికి అది బాట దాటి గోడ ఎక్కింది. గాలికి ఎగరకుండా ప్రతి దాని మీదా ఇటుక. 74 మొక్కలున్న ఉమ్మడి ప్లాను గుండ్రాలు పరిచాక 31కి దిగింది, నీటి పల్లంలోని గడ్డి కాకుండా. నర్సరీ బిల్లు సగానికి పైగా అక్కడే తగ్గింది.

కానుగను ఒకరు 6 అడుగుల గుండ్రంగా గీశారు. టేపు వేస్తే కొమ్మల విస్తారం 28 అడుగులు. అది అడ్డం, కొట్టేద్దామన్న మాట కూడా వచ్చింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడానికి లేదు. అనుమతి ఉన్నా కొట్టనిచ్చేవాణ్ని కాదు. ఆ స్థలంలో మే నెలలో కూర్చోదగ్గ చోటు అదొక్కటే. బెంచీ అక్కడే పడింది.

ఖర్చు: ముగ్గుపిండి, జిగురు, పుల్లలు 110.
ఇప్పటిదాకా: రూ. 2,000

దశ 6: నీటి పల్లం తవ్వకం (మే)

లెక్క: కప్పు 600 చదరపు అడుగులు, అంటే 55.7 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరుకు ఒక లీటరు. 50 మిల్లీమీటర్ల వాన పడితే 2,785 లీటర్లు. చిందినవీ ఆవిరైనవీ 15 శాతం తీసేస్తే 2,370. 16×10 అడుగుల పల్లం 6 అంగుళాల లోతున తవ్వితే నిటారు గోడలకు 2,265 లీటర్లు పడతాయి. మేం అంచులు ఏటవాలుగా చెక్కాం కాబట్టి 1,700 అనుకోవచ్చు. మిగతా నీళ్లకు ఉత్తరం అంచున అలుగు, అక్కణ్నుంచి పాత కాలవలోకి.

“దోమలు పెరుగుతాయి, పార్కులో కుంట ఏంటి?” అని పక్క వీధి నుంచి అభ్యంతరం. గంటకు 3 అంగుళాలు ఇంకే చోట 6 అంగుళాల నీళ్లకు రెండు గంటలు చాలు. బురద పేరుకుని ఇంకే వేగం అర అంగుళానికి పడిపోయినా 12 గంటలు. దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పైనే పడుతుంది. ఈ లెక్క కాగితం మీద రాసి పార్కు గేటుకు అంటించాం. నీళ్లు ఒక రోజు దాటి నిలిస్తే పూడ్చేస్తామని కూడా కిందే రాశాం. అభ్యంతరం ఆగింది.

తవ్విన మట్టిని బయట పారేయకుండా పల్లం ఉత్తరపు అంచున గట్టుగా వేశాం. లెవెల్ పైపుతో చూస్తే గట్టు ఒకచోట అలుగు కంటే అంగుళంన్నర కిందుంది. అలా వదిలేస్తే నీళ్లు అలుగు వదిలి ఆ చోటే దారి చేసుకునేవి. ఎత్తు పెంచి దిమ్మిసతో కొట్టించాం.

ఖర్చు: కూలి 1,800, మూడంగుళాల పీవీసీ పైపు, బెండ్లు 1,900, రాళ్లు 700.
ఇప్పటిదాకా: రూ. 6,400

దశ 7: నాట్లు (జూన్, జులై)

వానలు రెండుసార్లు నేలను తడిపాక నాటాం. మొక్కలు కడియం వైపు నుంచి వచ్చినవి. అక్కడి గోదావరి ఒండ్రుమట్టి ముద్దతోనే కవర్లలో వస్తాయి. ఆ మట్టిలో మొక్క బాగానే పెరుగుతుంది, కానీ మన ఎర్ర గరప నేలలో అలాగే దించితే చుట్టూ పోసిన నీళ్లు పక్కనుంచి దిగిపోయి ముద్ద లోపల రాయిలా ఎండుతుంది. ముందే నాటిన రెండు మందారాలు తడి నేలలోనే వాడాయి. తవ్వి చూస్తే వేరు ఒక్కటీ ముద్ద దాటి బయటకు రాలేదు. మిగతావాటికి ఇలా చేశాం:

1. కవరు విప్పకుండా ముద్దను బకెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా నానబెట్టాలి.
2. కవరు తీసి, ముద్ద చుట్టూ అంగుళం మందం మట్టి చేత్తో రాల్చాలి. చుట్టుకున్న వేళ్లు విడదీయాలి.
3. గుంతలో అదే రాలిన మట్టి, నేల మట్టి, చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపాలి.
4. నేలకు, ముద్దకు విడివిడిగా నీళ్లు పోయాలి, కనీసం మొదటి నెల.

ఉచితంగా ఇస్తామన్నా కోనోకార్పస్ మొక్కలు వద్దన్నాం. గుజరాత్ దాన్ని నాటడం 2023లోనే నిషేధించింది.

పల్లంలో వట్టివేరు పిలకలు, అంచుల మీద మెట్టతామర. రెండూ ముంపునూ ఎండనూ తట్టుకుంటాయి. మొదటి పెద్ద వానకు మొక్కలకేమీ కాలేదు గానీ, పల్లంలో మల్చింగుగా, అంటే నేల తడి ఆరకుండా, పరిచిన ఎండుటాకులు, కొబ్బరిపీచు అంతా తేలి అలుగు దగ్గర గుట్టపడి దాన్ని మూసేశాయి. నీళ్లు బాట ఎక్కాయి. పైపు మూతి కింద ధార పడ్డచోట జానెడు గొయ్యి. మార్చినవి ఇవీ: పల్లంలో మల్చింగు తీసేసి గులకరాళ్లు, మల్చింగు పల్లం మట్టానికి పైనున్న మడుల్లో మాత్రమే, పైపు మూతి కింద షాబాద్ బండ ముక్కలు పరిచి ధారను చెదరగొట్టడం. తర్వాతి వానకు నీళ్లు మూడు గంటల్లోపు ఇంకాయి.

ఖర్చు: మొక్కలు, ఎరువు, గులకరాళ్లు 5,300.
ఇప్పటిదాకా: రూ. 11,700

దశ 8: డ్రిప్పు (అక్టోబరు నుంచి)

హాలు మీది ట్యాంకు నుంచి డ్రిప్పు. పెట్టె మీద గంటకు 4 లీటర్లని ఉంది. ఒక్కో డ్రిప్పర్ కింద సీసా పెట్టి 15 నిమిషాలు పడితే లీటరు రావాలి. మొదటిదానికి 640 మిల్లీలీటర్లు, లైను చివరిదానికి 380. ఆ 4 లీటర్లు ఒక బార్ ఒత్తిడి దగ్గర మాట. 16 అడుగుల ఎత్తులోని ట్యాంకు అర బార్ కూడా ఇవ్వదు. పైగా లైను ఒక్కటే, పొడవైనది.

మోటారు పెడదామన్నారు కొందరు. వద్దని రెండు మార్పులు చేశాం: పొడవైన ఒక్క లైను తీసేసి వాలుకు అడ్డంగా మూడు పొట్టి లైన్లు, నీళ్లు వదిలే సమయం ఒకటిన్నర రెట్లు. ఇప్పుడు చివరిది 590. చాలు.

బోరు నీళ్ల ఉప్పుకు డ్రిప్పర్లు పూడుకుంటున్నాయి. మొదట్లో పూడినవి పారేసి కొత్తవి పెట్టేవాళ్లు. ఇప్పుడు విప్పి రాత్రంతా నిమ్మఉప్పు నీళ్లలో నానేస్తున్నారు, పదింటిలో ఎనిమిది తెరుచుకుంటున్నాయి. ట్యాంకు దగ్గర జాలీ ఫిల్టరు, నెలకోసారి లైను కొసలు విప్పి కడగడం.

ఖర్చు: 2,850.
మొత్తం: రూ. 14,550. తలా 500 చొప్పున వచ్చింది 11,000. మిగతా 3,550 కాలనీ సంఘం ఇచ్చింది.

మిగిలిన పని, రెండో బ్యాచ్‌కి మార్పులు

హాలు గుమ్మం నేలకు 18 అంగుళాల ఎత్తు. ఉన్నవి 9 అంగుళాల మెట్లు రెండు, పెద్దవాళ్లకు కష్టం. రెండు మెట్ల ఎత్తులు, ఒక అడుగుచోటు (మెట్టు మీద కాలు పెట్టే వెడల్పు) కలిపితే 24 నుంచి 26 అంగుళాలు రావాలన్న లెక్కన 6 అంగుళాల మెట్లు మూడు, అడుగుచోటు 13 అంగుళాలు అని గీశాం. చక్రాల కుర్చీకి ర్యాంపు 12కి 1 వాలున 18 అడుగుల పొడవు పడుతుంది. డబ్బు సమకూరాలి, చోటు మాత్రం ఖాళీగా ఉంచాం, అందులో ఎవరూ బంతి నాటకూడదు.

రెండో బ్యాచ్‌లో అడుగులేసి కొలవడం తీసేస్తున్నాం. 1:100 స్కేలు కూడా. ముగ్గు పోసే దశకు ఇచ్చిన సమయం రెట్టింపు. ఏకత, సమతూకం, లయ లాంటి సూత్రాల పాఠం ముగ్గు తర్వాతే, ఎవరి ప్లాను వాళ్లకు నేల మీద కనిపిస్తుండగా. మొదటిసారి దాన్ని హాల్లో స్లైడ్లతో చెబితే వెనక వరుస నిద్రపోయింది. ఫెర్నుల కుండీలు మళ్లీ డిసెంబరులో పెట్టాలి, ఎందుకంటే కొత్తవాళ్లు కూడా చూస్తేగానీ నమ్మరు.

టేపు కొత్తది కొనాలి. పాతదాని కొస చిరిగి మొదటి ఆరంగుళాలు పోయాయి. ఒక అడుగు గీత దగ్గర మొదలుపెట్టి కొలుస్తున్నారు, చివర్న ఆ అడుగు తీసేయడం సగంమందికి గుర్తుండట్లేదు.